పెద్ద ఆర్డర్ వచ్చింది, లోన్ మంజూరైంది, సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రావడం లేదు

జడ్చర్ల గానుగ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది జడ్చర్ల. నాలుగేళ్లుగా కిరాయి షట్టర్‌లో చెక్క గానుగ నడుపుతున్నాను. ఎక్కువగా పల్లీ నూనె, కొంచెం నువ్వుల నూనె. బాదేపల్లి మార్కెట్ పక్కనే ఉంది కాబట్టి కాయ చూసి, నాలుగు ఒలిచి, గింజ నోట్లో వేసుకుని నచ్చితేనే కొంటాను. నా గానుగ చిన్నది. ఒక వాయికి 12 కిలోల గింజలు పడతాయి, దగ్గరదగ్గర గంట తిరుగుతుంది. రెండున్నర కిలోలకు లీటరు నూనె వస్తుంది. నూనె తీశాక మిగిలే పల్లి చెక్కను బర్రెలవాళ్లు వచ్చి తీసుకుపోతారు. నెలకు 250 లీటర్లు అమ్ముతాను, లీటరు 360. కిరాయి, కరెంటు, సాయం చేసే అమ్మాయి జీతం పోగా ఇరవై వేలు మిగులుతాయి. అప్పు ఒక్క రూపాయి లేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో నాలుగు షాపులున్న ఆర్గానిక్ వాళ్లు నెలకు 600 లీటర్లు కావాలంటున్నారు. లీటరుకు 310 ఇస్తారు. సరుకు దింపిన 60 రోజులకు పైసలు. దీనికోసం ఇంకో రెండు గానుగలు, ఫిల్టర్, బాటిళ్లు నింపే మెషిన్ పెట్టాలని పీఎంఎఫ్ఎంఈ కింద, అంటే చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే లోన్ పథకం కింద, దరఖాస్తు చేశాను. తొమ్మిది లక్షల లోన్ మంజూరైంది. ఐదేళ్లు, నెలకు పందొమ్మిదిన్నర వేల కిస్తీ. సంతకాలకు రమ్మని బ్యాంకు వాళ్లు ఫోన్ చేస్తున్నారు. ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తున్నాను.

భయం ఎట్లా ఉంటుందంటే, పగలు గానుగ తిరుగుతున్నంతసేపు ఏమీ ఉండదు. రాత్రి పిల్లలు పడుకున్నాక మొదలవుతుంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి అదే లెక్క మళ్లీ మళ్లీ వేస్తాను. ఒకసారి లాభం కనిపిస్తుంది, ఇంకోసారి అదే లెక్కలో ఇల్లు పోయినట్టు కనిపిస్తుంది. షాపు వాళ్లు డబ్బాలన్నీ వాపసు పంపినట్టు, షట్టర్ ముందు అవన్నీ పేర్చి ఉన్నట్టు ఊహలు. గుండె దడదడ కొట్టుకుంటుంది. తెల్లవారుజాము దాకా నిద్ర ఉండదు.

దీనికి కారణం నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా బాపు కల్వకుర్తి దగ్గర మా చెలకలో అప్పు చేసి బోర్లు వేయించాడు. నీళ్లు పడలేదు. బాపు, అమ్మ బొంబాయికి పనికి వలసపోయారు, నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. పాలమూరులో ఈ కథ ఇంటింటికీ ఉంది కాబట్టి ఎక్కువ చెప్పను. కానీ అప్పు కాగితం చూడగానే నాకు బాపు మొహమే గుర్తుకొస్తుంది.

రెండోది, నా మీద నాకే నమ్మకం చాలడం లేదు. షాపు వాళ్లు మాట్లాడదామని హైదరాబాద్ పిలిచారు. ఏసీ గది, నలుగురు కూర్చున్నారు. "ఆసిడ్ వాల్యూ ఎంత మేడం, పెరాక్సైడ్ వాల్యూ ఎంత, ఆరు నెలల గడువు దేన్నిబట్టి వేశారు" అని అడిగారు. ల్యాబ్ రిపోర్టు నా బ్యాగులోనే ఉంది. తీసి ఇచ్చాను కానీ నోట మాట రాలేదు. నేను చదివింది ఇంటర్. గల్లీలో అందరూ మెచ్చుకుంటారు, కానీ వీళ్ల ముందు నేను ఎవరినో అన్నట్టు అనిపించింది.

మా ఆయన డీసీఎం వ్యాన్ నడుపుతాడు. మంచివాడు. "నీకు ఎట్లా తోస్తే అట్లా చెయ్యి" అంటాడు. ఆ మాటతో బరువంతా నా మీదే పడుతుంది.

వ్యాపారం పెంచినవాళ్లు చెప్పండి. ఈ భయం నన్ను ఆగమంటున్నదా, లేక ఇది అందరికీ ఉండేదేనా, దాటిపోవాలా? రెండింటికీ తేడా ఎట్లా తెలుస్తుంది?

వనపర్తి కుర్రాడు:

అక్కా, ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు. కళ్లు మూసుకుని సంతకం పెట్టు. భయపడితే ఏ పనీ కాదు. ఆల్ ది బెస్ట్.

మిర్యాలగూడ లెక్కలు:

తమ్ముడూ, మంచి మనసుతో చెప్పావు, కానీ ఆమె కళ్లు తెరిచే సంతకం పెట్టాలి.

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా రైస్ మిల్లుల్లో లెక్కలు రాస్తున్నాను. భయపడే ఓనర్లనూ చూశాను, భయమే తెలియని ఓనర్లనూ చూశాను. రెండోవాళ్ల మిల్లులు కొన్ని ఇప్పుడు బ్యాంకు తాళాలతో ఉన్నాయి. మీ భయంలో సగానికి కాగితం మీద ఆధారం ఉంది. ఆ సగం ముందు చూద్దాం.

మీ అంకెలే తీసుకున్నాను. గింజల ధర కిలో 108 అనుకుందాం. రెండున్నర కిలోలకు 270. చెక్క అమ్మితే లీటరుకు 60 దాకా తిరిగొస్తుంది. అంటే 210. కూలి, కరెంటు, బాటిల్, లేబుల్, హైదరాబాద్ దాకా రవాణా కలిపి 50 వేయండి. 260 అయింది. వాళ్లు ఇచ్చేది 310. లీటరుకు 50 మిగులు, నెలకు ముప్పై వేలు. కిస్తీ పోతే పది వేలు. ఇప్పుడు గింజల ధర కిలోకు 20 రూపాయలు పెరిగిందనుకోండి. లీటరుకు 50 పోయింది. అంటే మీ లాభమంతా పోయింది, కిస్తీ మాత్రం అట్లనే ఉంది. పల్లీ ధర ఒక్క ఏడాదిలో కిలోకు 20 ఎక్కిదిగడం మీరు బాదేపల్లిలో చూసే ఉంటారు.

అది ఒక్క పల్లీతోనే ఆగదు. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద ప్రాథమిక దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతం చేసింది. 2025 మే నెల చివర్లో మళ్లీ 10కి దించింది. షాపులో మీ బాటిల్ పక్కనే ఆ నూనె ప్యాకెట్ ఉంటుంది. దాని ధర దిగిన రోజు మీ దాని మీద బేరం మొదలవుతుంది. మీ చేతిలో లేని ధరను ఏడాదిపాటు 310కి కట్టేసుకోకండి. మూడు నెలలకోసారి గింజల ధరను బట్టి రేటు మార్చుకునే షరతు రాయించండి.

ఇంకా పెద్ద సంగతి 60 రోజుల ఉద్దెర. నెలకు 600 లీటర్లంటే చెక్క డబ్బు పోగా మీ చేతినుంచి లక్షన్నర పైన పడుతుంది. రెండు నెలల సరుకు వాళ్ల దగ్గర, ఒక నెల సరుకు మీ తయారీలో. ఎప్పుడు చూసినా నాలుగున్నర లక్షలు ఇరుక్కునే ఉంటాయి. మీ లోన్‌లో మెషిన్లున్నాయి, ఈ నాలుగున్నర లక్షలు ఎక్కడున్నాయి? మీరు రాత్రిపూట వేసే లెక్క ఒకసారి లాభం, ఒకసారి నష్టం చూపిస్తున్నదంటే కారణం ఇదే. కాగితం మీద లాభం ఉంది, చేతిలో పైస లేదు. రెండూ నిజమే.

ఉద్దెర సంగతిలో చట్టం మీవైపు ఉంది. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే, చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ కింద కట్టాలి. దానికి తోడు 2023లో ఆదాయపన్ను చట్టంలో ఒక నిబంధన చేర్చారు. మీలాంటి చిన్న తయారీదారుకు గడువులో చెల్లించకపోతే, డబ్బు నిజంగా కట్టిన ఏడాది లెక్కలోనే ఆ ఖర్చును వాళ్లు చూపించుకోగలరు. వాళ్ల ఆడిటర్‌కు ఇది బాగా తెలుసు. కొట్లాడాల్సిన పని లేదు, "మా ఉద్యమ్ నంబర్ ఇది, 45 రోజుల్లో ఇస్తే మీకూ సులువు" అంటే చాలు.

చివరిగా నన్ను ఆశ్చర్యపరిచిన మాట చెప్తాను. మీ గానుగ వాయికి 12 కిలోలంటే నాలుగు లీటర్ల ముప్పావు. 250 లీటర్లకు రోజుకు రెండు వాయిలు చాలు. అంటే సగం రోజు గానుగ ఖాళీగా ఉంటుంది. నెలకు 300 లీటర్లు అదనంగా ఇవ్వాలంటే మొత్తం 550, రోజుకు నాలుగైదు వాయిలు. ఉన్న గానుగతోనే అవుతుంది! అదనంగా 600 అయితేనే మొత్తం 850, రోజుకు ఏడు వాయిలై ఊపిరాడదు. మరి మొదటి ఆరు నెలలు సగం ఆర్డర్ ఇచ్చి చూడకూడదా? మంజూరు లెటర్‌లో గడువు ఎంతుందో, లోన్ విడతలుగా తీసుకోవచ్చో బ్యాంకును అడగండి. ఇంకొకటి, సబ్సిడీ 35 శాతం వెంటనే మీ కిస్తీలో తగ్గదు. మూడేళ్లు విడిగా ఉంచి తర్వాత సర్దుతారు. దాన్ని నమ్ముకుని కిస్తీ లెక్క వేయకండి.

పుట్టపాక కోడలు:

పెద్దాయన లెక్కలు చెప్పారు, నేను రెండో దాని గురించి చెప్తాను. ఆ ఏసీ గది గురించి.

మాది మగ్గం ఇల్లు. నేను పెళ్లై వచ్చాకే నేత చూశాను. అమ్మకం మాత్రం నేనే మొదలుపెట్టాను, ఎందుకంటే ఇంట్లో అందరూ నేసేవాళ్లే, మాట్లాడేవాళ్లు లేరు. పెద్ద ఎగ్జిబిషన్‌లో మొదటిసారి స్టాల్ పెట్టినప్పుడు ఒకావిడ చీర అంచు వేళ్లతో నలిపి, "ఇది ప్రింటే కదా, ఇంత రేటా?" అంది. ఇంగ్లీషులో ఇంకా ఏదేదో అడిగింది. నాకు చెమటలు పట్టాయి. ఏం చెప్పాలో తోచక చీర తిరగేసి పరిచాను. వెనక కూడా అదే డిజైన్, అదే రంగు. తర్వాత ఒక పువ్వు అంచు దగ్గర వేలు పెట్టి చూపించాను. నూలుకు ముందే ముడులు కట్టి రంగులో ముంచుతాం, తర్వాతే నేస్తాం, అందుకే ఇక్కడ గీత కొంచెం చెదిరినట్టు ఉంటుంది, ప్రింటులో ఇట్లా రాదు అన్నాను. పక్కన తేలియా రుమాల్ ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోమన్నాను. దాని నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతాం, ఆ వాసన ఉండిపోతుంది. ఆవిడ వాసన చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ తెలుగులోనే అడిగింది!

నాకు ఆ రోజు అర్థమైంది, మనకు తెలిసిన పని దగ్గర్నుంచి మాట మొదలుపెడితే గొంతు వస్తుంది. వాళ్లకు తెలిసినదాని దగ్గర మొదలుపెడితే పోతుంది. చెల్లె, మీరు గింజ నోట్లో వేసుకుని కొంటానన్నారు చూడండి, ఆ గదిలో చెప్పాల్సింది అదే. కాయ ఎక్కడిది, తేమ ఎట్లా చూస్తారు, నూనె ఎన్ని రోజులు తేరనిస్తారు. ఆ రిపోర్టులో రాసిన రెండు మూడు అంకెలు ఏమిటో ల్యాబ్ వాళ్లనే అడిగి తెలుసుకోండి. అడగడంలో తప్పేముంది, పైసలు కట్టాం కదా.

మీ ఆయన గురించి కూడా ఒక మాట. "నీకు తోచినట్టు చెయ్యి" అన్నప్పుడు ఊరుకోకండి. నేను మా ఆయన్ను కూర్చోబెట్టి అడిగాను. ఆరు నెలలు డబ్బు రాకపోతే ఇంటి ఖర్చు నువ్వు మోస్తావా, ఏది అమ్ముదాం, ఏది అమ్మొద్దు? పట్టుపట్టి కాగితం మీద రాయించాను. బంగారంలో ఏది తాకట్టు పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అన్నది కూడా. ఇల్లు జోలికి పోవద్దు అని ఇద్దరం అనుకున్నాక నాకు నిద్ర పట్టింది. అప్పు తగ్గలేదు, కానీ ఎంతవరకు పోతామో తెలిసింది.

నల్లగొండ నర్సు:

నాకు వ్యాపారం తెలియదు. రాత్రిళ్లు దడ, నిద్ర లేకపోవడం అన్నారు కాబట్టి రాస్తున్నాను.

పోయేదాని బాధ వచ్చేదాని సంతోషం కంటే మనసుకు బరువుగా తగులుతుందని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు 1979లోనే రాశారు. మీకు మాత్రమే ఉన్న బలహీనత కాదది. దాని మీద మీరు చిన్నప్పుడు అమ్మానాన్నలకు దూరమై పెరిగారు. అప్పు అనే మాటకు మీ ఒళ్లు ముందే ఉలిక్కిపడటం సహజం. బాపు బోరు వేసింది భూమి లోపల ఏముందో కనిపించని చోట. మీరు కొనేది చేత్తో పట్టుకుని చూసిన కాయ. ఈ రెండు అప్పులూ ఒకటి కావు. వీలైతే బాపుతోనే మాట్లాడండి. ఇన్నేళ్ల తర్వాత ఆయన ఏమనుకుంటున్నారో మీరు ఎప్పుడైనా అడిగారా?

రాత్రి తొమ్మిది దాటాక లెక్కలు ముట్టుకోకండి. వచ్చిన ఆలోచనను ఒక వాక్యం రాసి పెట్టుకుని పొద్దున గానుగ దగ్గర చూడండి. టీ, కాఫీ సాయంత్రం తర్వాత మానండి. దడ ఇట్లాగే వారాల తరబడి ఉంటే ఒకసారి బీపీ, థైరాయిడ్, రక్తం చూపించుకోండి. మన ఆడవాళ్లలో రక్తహీనత వల్ల కూడా గుండె దడ వస్తుంది, దాన్ని టెన్షన్ అనుకుని వదిలేస్తాం. మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416. ప్రభుత్వానిది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిచ్చి ఉన్నవాళ్లకే అని అనుకోకండి, నిద్ర పట్టనివాళ్లు చాలామంది చేస్తారు.

జడ్చర్ల గానుగ:

అందరికీ పేరుపేరునా దండాలు. మిర్యాలగూడ సార్, మీ లెక్కను పెద్ద కాగితం మీద రాసి గానుగ పక్కన గోడకు అంటించాను. రెండు వాయిల సంగతి రోజూ నా కళ్ల ముందే ఉన్నా 600 అనే అంకె చూసి గానుగలు కొనాలనే అనుకున్నాను.

పుట్టపాక అక్కా, ల్యాబ్‌కు ఫోన్ చేశాను. అక్కడ పిల్ల ఓపికగా చెప్పింది. గింజ తడిదో పాతదో అయితే ఆసిడ్ వాల్యూ పెరుగుతుందట. నూనెకు గాలి, వెలుతురు తగిలి కనరు పట్టడం మొదలైతే పెరాక్సైడ్ వాల్యూ చెప్తుందట. ఈ రెండూ నేను రోజూ నాలుకతో, ముక్కుతో చూసేవే. తడి గింజ వద్దని అడ్తి దగ్గర ఎంతమందితో గొడవపడ్డానో! ఆ ధైర్యంతో షాపు వాళ్లకు నేనే ఫోన్ చేశాను. 300 లీటర్లు, మూడు నెలలకోసారి రేటు, 30 రోజుల్లో పైసలు అన్నాను. 30 కుదరదన్నారు, 45కి ఒప్పుకున్నారు, ఉద్యమ్ నంబర్ వాళ్లే అడిగి తీసుకున్నారు. రేటు సంగతి ఆలోచించి చెప్తామన్నారు. అది ఒప్పుకోకపోతే ఇవ్వనని మా ఆయనతో అనుకున్నాను. బ్యాంకులో సంతకం ఇంకా పెట్టలేదు. లోన్ విడతలుగా ఇవ్వడానికి వీలుంటుందని మేనేజర్ చెప్పారు.

నర్సమ్మా, బాపును అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను నీళ్ల గురించి ఎవరినీ అడగలేదు బిడ్డా, నువ్వు అడుగుతున్నవు కదా" అన్నాడు. రక్తం పరీక్ష చేయించాను, తక్కువే ఉంది, మందులు రాశారు. భయం పూర్తిగా పోలేదు. నిన్న రాత్రి కూడా వచ్చింది. కానీ ఒక వాక్యం రాసి పడుకున్నాను. "యాసంగి కాయ ఎంత కొని పెట్టుకోవాలి?" అని. ఇప్పుడు అదే అడుగుతున్నాను. మార్కెట్‌కు కాయ బాగా వస్తున్నప్పుడే నాలుగైదు నెలలకు సరిపడా కొనాలనుంది. నిల్వ చేస్తే బూజు పడుతుందని గుబులు.

గద్వాల రైతు:

అమ్మా, ఈ గుబులుకు మందు ఉంది. గింజ కొట్టించి నిల్వ చేయకండి, కాయగానే పెట్టండి. పొట్టు ఉన్నంతకాలం గింజకు పురుగు, గాలి అంత తొందరగా తగలవు. నెలకు కావలసినంత మాత్రమే కొట్టించుకోండి. కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి, అప్పుడే బాగా ఆరినట్టు. అనుమానం ఉంటే మార్కెట్‌లో తేమ చూసే మీటర్ ఉంటుంది, 8 శాతానికి దగ్గర్లో ఉంటే తీసుకోండి. గోనె సంచులే వాడండి, ప్లాస్టిక్ సంచుల్లో చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ల్యాబ్‌లో దొరికితే ఆర్డరే పోతుంది. సంచులు నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు. కింద చెక్కలు వేసి, గోడకు మూరెడు ఎడం వదలండి. వానాకాలం వచ్చేముందు ఒకసారి అన్నీ విప్పి ఎండలో ఆరేయండి.

2025-26కి కేంద్రం పల్లికాయకు క్వింటాలుకు 7,263 మద్దతు ధర ప్రకటించింది. మార్కెట్ దానికి ఎంత కింద ఉంది, ఎంత పైన ఉంది అని చూసుకుంటూ కొనండి. ఒకేసారి అంతా కొనకండి. మొదటి కోతల కాయలో తేమ ఎక్కువ ఉంటుంది, నడిమి రోజుల్లో వచ్చే కాయలో మంచి సరుకు దొరుకుతుంది. మా దగ్గరి కాయ కావాలంటే ఇక్కడే రాయండి, శాంపిల్ కిలో పంపిస్తాను. ఒలిచి, నోట్లో వేసుకుని చూసి చెప్పండి.